ఆరున్నర అడుగుల గోడకు నాలుగడుగుల ట్యాంకు

తొమ్మిదేళ్ల నాలుగు నెలలుగా ఒక కొలత నా గుండెల మీద కూర్చుని ఉంది. అడుగున్నర వెడల్పు. అంతే. మా ఆయనతో కూడా చెప్పలేదు. ఆయన పోయి మూడేళ్లయింది, ఇక చెప్పడానికి లేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనవసరం లేదు. అందుకే మీతో చెప్పగలననిపిస్తోంది.

మాది జగ్గయ్యపేట. అద్దాల షాపు ఉండేది. మొదట్లో ఫోటో ఫ్రేములు, కిటికీ అద్దాలు, తర్వాత్తర్వాత అక్వేరియంలు. కోత మా ఆయనది, కొలత నాది. ఎవరింట్లో ఏ గోడకు ఎంత అద్దం పట్టిందో నోటుబుక్కులో రాసుకునేదాన్ని. ఇరవై ఆరేళ్లలో పదకొండు పుస్తకాలు. కొలత తప్పిందని ఒక్కరూ వెనక్కి రాలేదు. దాని మీద నాకు గర్వం ఉండేది. ఇప్పుడూ ఉందేమో. లేకపోతే ఇంతకాలం ఎందుకు దాచుకుంటాను?

కామేశ్వరి నా చిన్ననాటి స్నేహితురాలు. అసలు పేరు ఇది కాదు. కాపురం నందిగామలో. భర్తకు పప్పుల హోల్‌సేల్ వ్యాపారం. ఆయన్ని నేను అన్నయ్యగారూ అనేదాన్ని, ఆయన నన్ను లెక్కలమ్మా అని ఏడిపించేవాడు. ఒక ఏడాది వాళ్లకు అన్నీ అడ్డం తిరుగుతుంటే, వాస్తు చూసే ఆయనెవరో హాల్లో ఈశాన్యం మూల అరోవానా చేపను పెట్టమన్నాడు. మీరూ ఏ బట్టల షాపులోనో చూసే ఉంటారు. వెండి పొలుసులతో, కత్తిలా పొడుగ్గా, ఒంటరిగా తిరుగుతుంటుంది. పక్కన చిన్న చేపను వేస్తే మింగేస్తుంది, తనంతదాన్ని వేస్తే కొరికి పెడుతుంది. ఇంటికి వచ్చే కీడును అది తన మీద వేసుకుంటుందని మావైపు చాలామంది నమ్ముతారు. అది చచ్చిపోతే పెద్దగా బాధపడరు. ఇంట్లో ఎవరి గండమో తీసుకుపోయిందంటారు.

టేపు పట్టుకుని నేనే వెళ్లి కొలిచాను. గోడ ఆరున్నర అడుగులు. ఏ అడ్డూ లేదు. "ఎంతది పెట్టాలో నువ్వే చెప్పవే, నాకేం తెలుసు" అంది కామేశ్వరి.

నాకు తెలుసు. ఇలాంటి చేపకు ట్యాంకు చూసేటప్పుడు ఇవాళ కవర్లో తెచ్చిన ఆరంగుళాల పిల్లను చూడకూడదు, రెండేళ్ల తర్వాత అయ్యే రెండడుగుల చేపను చూడాలి. పొడవొక్కటే ఉంటే చాలదు. అది వెనక్కి తిరగాలంటే వెడల్పు కావాలి. కనీసం ఆరడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు. ఎగిరి దూకే చేప కాబట్టి పైన బరువైన మూత. అంతకుముందు విజయవాడ వాళ్లకు అలాంటివి రెండు చేసిచ్చాం. తిరుగు బస్సులోనే ఆ కొలతలు పుస్తకంలో రాశాను.

షాపులో ఇంకో ట్యాంకు ఉంది. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. చిల్లకల్లు దగ్గర హైవే మీద హోటల్ పెడతామన్న వాళ్లు చెప్పి చేయించుకుని, తర్వాత వద్దన్నారు. అప్పటికే మా ఆయన చేతులు వణకడం మొదలైంది. ఆయన కోసిన ఆఖరి అద్దాలవి. రోజూ పొద్దున్నే షాపు తీయగానే పొడిగుడ్డతో దాన్ని తుడిచేవాడు. "ఎవరింట్లోనైనా దీన్లో నీళ్లు పోస్తే చూడాలనుందే" అన్నాడు ఒకసారి. ఒక్కసారే అన్నాడు.

ఆ సాయంత్రం లెక్క వేశాను. కావలసింది ముప్ఫై ఘనపుటడుగులు. ఇది తొమ్మిది. మూడో వంతు కూడా లేదు. కింద నా చేత్తోనే రాశాను: చాలదు.

మర్నాడు కామేశ్వరికి ఫోన్ చేసి, నాలుగడుగులది సరిపోతుందన్నాను. అరోవానాకని తెలిస్తే ఇవ్వనివ్వడని, మా ఆయనకు గోల్డ్ ఫిష్ కోసమన్నాను. ట్యాంకును ఆటోలో ఎక్కిస్తుంటే ఆయన తాడు సరిచూసి, ఆటో వెనకే వీధి చివరిదాకా నడిచి వెళ్లాడు. ఆ నడక చూడ్డం కోసమే నేను అబద్ధం చెప్పాను. అది ప్రేమేనా? ప్రేమే అయితే, దాని ఖర్చు నేను కదా పెట్టుకోవాలి, ఇంకో ఇంటి మీద ఎందుకు వేశాను?

చేప పెరిగింది. ఏడాదికి పదిహేడు అంగుళాలు, రెండేళ్లకు ఇరవై రెండు. వెళ్లినప్పుడల్లా కళ్లతోనే కొలిచేదాన్ని. అద్దం చివరికి వచ్చి, ఒళ్లంతా విల్లులా వంచి, తోకతో అద్దాన్ని కొట్టి వెనక్కి తిరిగేది. ఒకవైపు పొలుసులు అరిగిపోయాయి. నీళ్లు మార్చిన రెండో రోజుకే మసకబారేవి. పెద్ద ట్యాంకు పెట్టండి అని ఏ రోజైనా అనొచ్చు. అంటే, మొదట ఎందుకు అనలేదో చెప్పాలి. మా ఆయనకూ తెలిసిపోతుంది. ఇంకో నెల చూద్దాం, ఇంకో నెల చూద్దాం అనుకుంటూ గడిపేశాను.

ఆ రోజుల్లోనే అన్నయ్యగారికి మెట్లెక్కితే గుండె పట్టేసినట్టుండేది. విజయవాడలో డాక్టరు చూసి, రెండు చోట్ల పూడుకుపోయింది, స్టెంట్లు వెయ్యాలి, సోమవారం వచ్చి చేరమన్నాడు. ఆయనకు ఆసుపత్రి అంటే చచ్చే భయం. ఆ సోమవారానికి ముందు బుధవారం పొద్దున చేప చనిపోయింది. కామేశ్వరి ఫోన్ చేస్తే మొదటి బస్సుకే వెళ్లాను.

ఆయన ట్యాంకు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చాలా నెలల తర్వాత ఆ మొహం తేటగా ఉంది.

"రా లెక్కలమ్మా. నా టికెట్టు మీద అది ఎక్కి వెళ్లిపోయింది."

"ఊరుకోండి, పొద్దున్నే ఏంటా మాటలు!" అంది కామేశ్వరి.

"తప్పేముందే? డాక్టరేమో రమ్మన్నాడు. చేపేమో నేను వెళ్తాలే, నువ్వు కూర్చో అంది. ఇంక సోమవారం మనకెందుకు?"

కామేశ్వరి నావైపు తిరిగింది. "నువ్వు చెప్పవే. నువ్వు ఊరికే ఏ మాటా అనవు. నిజంగా ఆయన గండం పోయినట్టేనంటావా?"

ఆమె అడుగుతున్నది చేప గురించి కాదు. సోమవారం ఆయన్ని తీసుకెళ్లాలా వద్దా అని. ఆ సంగతి నాకు ఆ క్షణంలోనే తెలుసు. ట్యాంకు ఇరుకై చచ్చింది, నేనిచ్చిన కొలత తప్పు, మీరు వెళ్లండి అంటే సరిపోయేది. లోపల అద్దానికి రెండు పొలుసులు అంటుకుని ఉన్నాయి. వాటినే చూస్తూ అన్నాను.

"పోయినట్టేనే. అదే తీసుకుపోయింది."

"విన్నావా? లెక్కలమ్మే తేల్చేసింది!" అని ఆయన నవ్వి, అందరికీ కాఫీ పెట్టమన్నాడు. నేనూ తాగాను.

సోమవారం వాళ్లు వెళ్లలేదు. ఆ బుధవారం నుంచి ఎనభై మూడో రోజున, కొట్లో కాటా ముందు నిలబడి ఉండగానే ఆయన కూలిపోయాడు.

స్టెంట్లు వేయించుకుంటే బతికేవాడా? నాకు తెలియదు. ఏ డాక్టరూ గట్టిగా చెప్పలేడేమో. తెలియని దాన్ని నా మీద వేసుకుని పెద్ద పాపినని ఏడవడం కూడా ఒక రకం గొప్పే, అది నాకొద్దు. తెలిసింది మాత్రం చెబుతాను. ఆ ఇంట్లో ఆ రోజు వెళ్లాలా వద్దా అన్న ప్రశ్న ఇంకా బతికే ఉంది. దాన్ని నేను ముగించాను, నా కొలత బయటపడకుండా ఉండడం కోసం.

కామేశ్వరి ఆ ట్యాంకును ఇప్పటికీ తీయలేదు. నీళ్లు లేవు. రోజూ తుడుస్తుంది, మా ఆయన తుడిచినట్టే. "ఆ మూడు నెలలూ ఆయన భయం లేకుండా బతికాడే, ఆ చేప పుణ్యం" అంటూ నా చెయ్యి పట్టుకుంటుంది. మూడు నెలలు కాదు, ఎనభై మూడు రోజులు అని నాలో నేను దిద్దుకుంటాను. నిజం చెబితే ఆ రోజులు కూడా ఆమె దగ్గర్నుంచి లాక్కున్నట్టవుతుంది. అందుకే చెప్పలేదు. అందుకేనా? నా పరువు కోసం కాదూ? రోజూ ఈ లెక్క మొదలుపెడతాను. ఒక్కరోజూ తేలలేదు.

ఆ బుధవారం ఇంటికి వచ్చి, పదకొండో పుస్తకంలో రాసిన ఆ మాటను బ్లేడుతో గీకేశాను. కాగితం పలచబడి చిన్న చిల్లు పడింది. ఇరవై ఆరేళ్లలో నేను చెరిపిన రాత అదొక్కటే. ఇవాళ పొద్దున ఆ పుస్తకం దింపి, దుమ్ము దులిపి, ఆ చిల్లు పక్కనే మళ్లీ రాశాను. చాలదు. ఆ రోజే నాకు తెలుసు.

రాశాక నా గుండెల మీద ఏదీ తగ్గలేదు. కానీ ఇన్నేళ్ల తర్వాత ఆ పేజీ ఉన్నది ఉన్నట్టు ఉంది.