సర్కారు మూడు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు చిన్నప్పటి నుంచీ చిరాకు. స్టేషన్ ఘన్‌పూర్‌లో మా ఇల్లు రైలు పట్టాలకు దగ్గర. రైలు కింద పడ్డవాళ్ళు పట్టాల వెంట తిరుగుతుంటారని మా వాడలో చెప్పుకునేవారు. నేను రోజూ ఆ పట్టాలు దాటే బడికి పోయేదాన్ని. నాకు కనిపించినవల్లా మేకలే.

నా ఉద్యోగం కూడా అలాంటిదే. భూపాలపల్లి అడవి అంచున ఒక యూరియా ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద సేఫ్టీ పని చేస్తాను. ఎవరైనా ట్యాంకులోకి దిగాలంటే ముందు లోపలి గాలిని నేను మీటర్‌తో చూడాలి. బాగుందంటే పర్మిట్ కాగితం మీద సంతకం పెట్టాలి. మీటర్ ఎంత చూపిస్తే అంతే, అందులో నా నమ్మకాలకు చోటు లేదు. ఫ్యాక్టరీ పేరు రాయను, ఇంకా అక్కడే పనిచేస్తున్నాను.

కట్టినప్పుడు అది సర్కారు ఫ్యాక్టరీ. బొగ్గు నుంచి హైడ్రోజన్, గాలి నుంచి నైట్రోజన్ తీసి, అమ్మోనియా చేసి, దాన్ని యూరియాగా మార్చేవారు. తర్వాత మూతపడింది. చాలా ఏళ్ళు లోపలంతా ముళ్ళపొదలే. సర్కారు పోయింది, సర్కారు తుమ్మ మిగిలింది అని పాతవాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. ఆ తర్వాత ఒక ప్రైవేటు కంపెనీ కొని, కొంతకాలం నడిపి, చేతులెత్తేసింది. ఇప్పుడున్నది మూడో యజమాని. బొగ్గు పొయ్యిలు తీసేసి గొట్టాల్లో వచ్చే గ్యాసుతో నడుపుతున్నారు. ప్రతి యజమానీ బోర్డు మార్చాడు, రంగు మార్చాడు. పాత ట్యాంకులు కొన్ని, పాత గొట్టాలు కొన్ని మాత్రం అట్లాగే ఉండిపోయాయి.

భద్రు వెల్డరు. గంగారం దగ్గర తండా వాళ్ళది. మా అక్క ఆ తండా బడిలో పంతులమ్మగా చేసినప్పుడు అతను ఆమె దగ్గర చదువుకున్నాడు. ఆమె పెద్దక్క, నేను చిన్నక్క. ఫ్యాక్టరీలో అందరూ నన్ను మేడం అంటారు. చిన్నక్క అని పిలిచేది అతనొక్కడే.

అతన్ని ఈ పనిలోకి తెచ్చింది నేనే. తీసుకొచ్చే రోజున వాళ్ళమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. వాళ్ళ ఇంటి భాష వేరు, నాతో తెలుగులోనే అన్నది. "వీడు నీ చేతిలనే ఉన్నడు బిడ్డా. నాకు వీడొక్కడే." నేను తేలిగ్గా నవ్వి, నా చేతిలో మీటర్ ఉంది, భయం లేదు అన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పుడనిపిస్తుంది.

ఆ రోజు ఫ్యాక్టరీ ఆపి మరమ్మతులు చేస్తున్నారు. సర్కారు కాలం నాటి ఒక నిలువు ట్యాంకు లోపల పగిలిన అతుకును భద్రు వెల్డింగ్ చేయాలి. ట్యాంకు నడుము దగ్గర మనిషి దూరేంత గుండ్రటి తలుపు ఉంటుంది, మ్యాన్‌హోల్ అంటాం. నిచ్చెన ఎక్కి దాని ముందున్న ఇనుప అరుగు మీద నిలబడాలి. ఆ ట్యాంకుకు నైట్రోజన్ గొట్టం ఉంది. ఆ వాల్వు మూసినట్టు పర్మిట్‌లో రాసి ఉంది. వాల్వు నంబరు మూడు. మూసినవాడి సంతకం కూడా ఉంది.

నైట్రోజన్ గురించి ఒక మాట చెప్పాలి. అమ్మోనియా కాస్త మర్యాదస్తురాలు, వస్తున్నానని ముక్కు పట్టుకుని మరీ చెబుతుంది. నైట్రోజన్‌కు రంగు లేదు, వాసన లేదు. మనం పీల్చే గాలిలో ఎక్కువ భాగం అదే కాబట్టి ఒంటికి కొత్తగా అనిపించదు. అదొక్కటే నిండిన చోట రెండుసార్లు ఊపిరి పీలిస్తే మనిషి కూలిపోతాడు. కూలిపోతున్నట్టు అతనికే తెలియదు.

పొద్దున మ్యాన్‌హోల్ దగ్గర గాలి చూశాను. బాగుంది. భద్రు ట్యాంకులోకి పోకముందే అన్నాల వేళైంది, కిందికి దిగి మళ్ళీ ఎక్కాం. విరామం తర్వాత ఇంకోసారి చూడాలని నియమం. అరగంటే కదా అనుకున్నాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను. మీటర్ నా నడుముకే ఉంది, నేను దాన్ని ముట్టుకోలేదు. పర్మిట్ మీద పెన్ను పెట్టాను.

మిట్టమధ్యాహ్నం. పెద్ద యంత్రాలన్నీ ఆగి ఉన్నాయి కాబట్టి చప్పుడు లేదు. భద్రు నాకు రెండు అడుగుల దూరంలో నిలబడి సీసా ఎత్తి నీళ్ళు తాగుతున్నాడు. అతని గొంతు కదలడం నాకు కనిపిస్తోంది.

అప్పుడు ట్యాంకు లోపలి నుంచి భద్రు గొంతు వినిపించింది.

"చిన్నక్కా, నన్ను తోలకు. సర్కారు మూడు తెరిచే ఉన్నది."

గట్టిగా కాదు, బతిమాలినట్టుగా. ఇనుప ట్యాంకులో మాట్లాడితే మాటకు ఒక గుండ్రటి మోత వస్తుంది, ఆ మోతతో సహా వినిపించింది. భద్రు సీసా దించి మూతి తుడుచుకున్నాడు.

"ఏమైంది చిన్నక్కా, గట్ల చూస్తున్నవేంది?"

అదే గొంతు. సంతకం పెట్టకుండానే పెన్ను తీసేశాను.

ఇంతలో కింద నుంచి యాకూబ్ చాచా ఆయాసపడుతూ నిచ్చెన ఎక్కి వచ్చాడు. సర్కారు కాలంలో అక్కడే ఆపరేటరుగా చేసిన మనిషి. పాత గొట్టాలు ఆయనకే తెలుసని మరమ్మతులప్పుడు పిలిపిస్తారు. మా ముఖాలు కూడా చూడకుండా అడిగాడు.

"లోపటికెల్లి ఎవలో పిలుస్తున్నరు గదా. ఎవల్ని తోలిన్రు లోపటికి?"

ఎవరినీ పంపలేదని చెప్పాను. ఆయన నమ్మలేదు. నేను మీటర్‌కు తాడు కట్టి మ్యాన్‌హోల్‌లోంచి అడుగు దాకా దింపాను. సగం దూరం కూడా పోకముందే అది అరవడం మొదలుపెట్టింది. పైకి లాగి చూస్తే, నూటికి ఇరవై ఒకటి దాకా ఉండాల్సిన ఆక్సిజన్ ఆరుకు పడిపోయి ఉంది.

భద్రు ఆ అంకె చూసి మ్యాన్‌హోల్ దగ్గర నుంచి వెనక్కి జరిగాడు.

"సర్కారు మూడు అంటే ఏంది చాచా?" అని అడిగాను. చాచా నా వైపు వింతగా చూశాడు.

"నీకెవలు చెప్పిన్రు ఆ మాట? గిప్పటోళ్ళెవలూ అనరు. సర్కారోళ్ళు వాల్వులకు పడమటి దిక్కు నుంచి నంబర్లేసిన్రు. ఎన్క వచ్చిన కంపెనీ తూర్పు దిక్కు నుంచేసింది. పాతోళ్ళం ఉత్త నంబర్ చెప్తే కదలం బిడ్డా. సర్కారుదా, కంపెనీదా అని అడుగుతం."

వరుసలో ఆరు వాల్వులు. సర్కారు మూడు అంటే కంపెనీ నాలుగు. ట్యాంకు పాతది కాబట్టి పర్మిట్‌కు పాత నక్షా జతచేశారు. అందులో మూడు అంటే సర్కారు మూడు. మూసేవాడు కొత్త కుర్రాడేం కాదు, పదేళ్ళ అనుభవం ఉన్నవాడు. రంగు మీద కనిపించిన మూడు చూసి కంపెనీ మూడును మూశాడు. అతన్నీ తప్పు పట్టలేను. అసలు వాల్వు కొద్దిగా తెరిచే ఉంది. పొద్దున నేను చూసింది మ్యాన్‌హోల్ దగ్గరి గాలే, అడుగుది కాదు. మేం అన్నాలు తింటున్నంతసేపూ ట్యాంకు అడుగు నుంచి నిండుతూనే ఉంది.

ట్యాంకులోకి మంచి గాలి కొట్టాక, మళ్ళీ చూసి, నేనే లైటు పట్టుకుని దిగాను. అడుగున సన్నటి తుప్పు పొడి పరుచుకుని ఉంది. దాని మీద అడుగుజాడ ఒక్కటీ లేదు.

విచారణలో నేను రెండోసారి గాలి చూశాను కాబట్టి ప్రమాదం తప్పిందని రాశారు. షిఫ్టు ఇంజినీరు సారు అందరి ముందూ మెచ్చుకున్నారు. చప్పట్లు కొడుతుంటే సిగ్గుతో తలెత్తలేకపోయాను. వాల్వులన్నీ గీకి ఒకటే వరుస నంబర్లు వేయించారు.

నాకు నేను చాలా సమాధానాలు చెప్పుకున్నాను. ఆ పేరు క్యాంటీన్‌లో ఎప్పుడో చెవిన పడి ఉంటుంది, భయంలో మనసే అతని గొంతు అరువు తెచ్చుకుందేమో అని. నా చెవులు మోసపోయాయనే అనుకుందాం. కింద నిలబడ్డ చాచా చెవుల సంగతి? ఆయన ఇప్పటికీ కలిసినప్పుడల్లా ఒకటే అడుగుతాడు. "లోపటున్నోడు ఎటు పోయిండు బిడ్డా?"

భద్రుకు చెప్పలేదు. నిన్ను నేను పంపబోయాను, నీ గొంతే నన్ను ఆపింది అని ఎట్లా చెప్పను? ఇప్పుడతను మహబూబాబాద్‌లో గేట్లు, కిటికీలు చేసే దుకాణంలో పనిచేస్తున్నాడు. బాగున్నాడు.

మొన్న ఎండాకాలంలో ఆ ట్యాంకును కోసి తుక్కు కింద తీసేయాలని నిర్ణయించారు. పర్మిట్ నా దగ్గరికే వచ్చింది. గ్యాస్ కట్టర్ వెలిగించబోతుంటే ఆగమన్నాను. అందరూ చూస్తుండగానే మ్యాన్‌హోల్‌లో తల పెట్టాను.

"భద్రూ, నేను చిన్నక్కను. ఇగ బయటికి రా" అని మూడుసార్లు పిలిచాను. ఎవరూ పలకలేదు.

పర్మిట్‌లో ఒక గడి ఉంటుంది. 'లోపల ఎవరూ లేరని చూసుకున్నాను' అని, పక్కన సంతకానికి చోటు. పెన్ను చాలాసేపు పట్టుకున్నాను. మీటర్ బాగానే ఉందంది, లైటు వేస్తే లోపల ఖాళీగానే కనిపించింది. అయినా సంతకం పెట్టలేకపోయాను. జ్వరంగా ఉందని చెప్పి, కాగితం ఇంకొకరి చేతిలో పెట్టి ఇంటికి వచ్చేశాను.