తిట్టు అని తేల్చేదెవరు?

2022లో నేను వరంగల్‌లోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చెబుతూ, చివరి సంవత్సరం ప్రాజెక్టులకు గైడ్‌గా ఉన్నాను. నా పనిలో గుర్తుండిపోయిన ప్రాజెక్టు ఏదని అడిగితే స్వప్న, రాజ్‌కుమార్‌లదే చెబుతాను.

వాళ్లు చేసింది యాప్ కాదు, లైబ్రరీ. అంటే యాప్‌లు తయారుచేసే డెవలపర్లు తమ ప్రోగ్రాంలో నేరుగా కలుపుకోగల కోడ్. సోషల్ నెట్‌వర్క్ యాప్‌లలో తెలుగు తిట్లను ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే మామూలు ఫిల్టర్లు చాలావరకు పట్టుకోలేవు. వీళ్ల లైబ్రరీ వాటిని పట్టుకోవాలి. ఆలోచన స్వప్నది. తొర్రూరు దగ్గరి పత్తి రైతుల అమ్మాయి. ఇంటర్ చదివేటప్పుడు తను పాడిన పాట ఒకటి పెట్టి, కింద జనం రాసిన బూతులు చూసి అకౌంటే తీసేసుకుంది.

మా పాత విద్యార్థి రమేష్ హనుమకొండలో ఊరివాళ్ల కోసం చిన్న యాప్ నడిపేవాడు. అందులో లైబ్రరీ పెట్టిన మర్నాడే నాకు ఫోన్ చేశాడు.

"మేడం, పొద్దుగాల్నుంచి ఒకటే లొల్లి. ఒకామె తన మేనకోడలి ఫోటో కింద ముద్దుగ 'నీ పాడుగాను, ఎంత ముద్దుగున్నవే' అని రాసింది. మీ పిల్లల టూల్ దాన్ని తిట్టనుకొని కొట్టేసింది. గిట్లయితే తీసేస్త."

ల్యాబ్‌లో ఇద్దరినీ కూర్చోబెట్టి సంగతి చెప్పాను.

"గసుంటి మాటలన్నీ మన తిట్ల లిస్టులకెల్లి తీసేద్దాం. ఫికర్ ఉండది," అన్నాడు రాజ్‌కుమార్.

స్వప్న మొహం ఎర్రబడింది. "నన్ను తిట్టింది గా మాటల్తోనే. మంచి మాటలు ఆగినా సరే, ఒక్క తిట్టు గూడ పోవద్దు."

ఇద్దరూ నా వైపు చూశారు. ఏదో ఒకటి తేల్చి చెప్పేయాలనిపించింది. కానీ ప్రాజెక్టు వాళ్లది. "మరి అది తిట్టో ముద్దో ఎవరికి తెలుస్తది, స్వప్నా?" అని మాత్రం అడిగాను.

ఆమె బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది. రెండు రోజులు ల్యాబ్‌కు రాలేదు. వదిలేసిందేమోనని భయపడ్డాను. ఆ తర్వాత నేరుగా నా గదికే వచ్చింది.

"ఎవరికి రాసిండ్రో వాళ్లకే తెలుస్తది మేడం. మనం తేల్చుడేంది? వాళ్లనే తేల్చనిద్దాం."

అనుమానం వచ్చిన కామెంట్‌ను లైబ్రరీ ఇక చెరిపేయదు, అందరికీ చూపించదు. అది ఎవరికి వచ్చిందో వాళ్లకు ముందు 'ఒక మాట ఆపాం' అని మాత్రమే తెలుస్తుంది. తెరిచి చూసి ఉంచుకోవాలా, చూడకుండానే పారేయాలా అన్నది వాళ్ల ఇష్టం. పరీక్ష ముంగిట్లో సగం కోడ్ మళ్లీ రాయాల్సి వచ్చింది. రాజ్‌కుమార్ విసుక్కోకుండా పక్కనే కూర్చున్నాడు. రమేష్ పాతది తీసి కొత్తదాన్ని పెట్టుకుని, ఈసారి ఉంచేశాడు.

వైవా రోజు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ పెదవి విరిచారు. "స్క్రీన్ మీద చూపించడానికి ఏమీ లేదా అమ్మా?"

"లేదు సార్," అంది స్వప్న తడబడకుండా. "మా పని మంచిగైతే ఆడపిల్ల ధైర్యంగ ఫోటో పెట్టుకుంటది. గదే కనవడ్తది."

ఆయన పెన్ను పక్కన పెట్టి, కోడ్ మొదటి నుంచి చూపించమన్నారు. ఇచ్చిన సమయం దాటినా లేవలేదు. వెనక బెంచీలో కూర్చుని నేనూ గర్వంగా చూస్తుండిపోయాను.

గైడ్ అంటే దారి చూపేవాడని అనుకునేదాన్ని. దెబ్బ తిన్న పిల్ల తన దారి తనే వెతుక్కుంటుంటే, ప్రశ్న ఒకటి అడిగి పక్కకు తప్పుకోవడం కూడా గైడ్ పనేనని ఆ ఏడాది తెలిసింది.