రత్నాలమ్మ భుజంలో లోహపు గుండు

కంచిలి దగ్గర కొబ్బరితోటలున్న రత్నాలమ్మకు ఒక అలవాటు. పాడైన వస్తువు కనబడితే, విప్పి లోపల ఏముందో చూడనిదే ఆవిడకు అన్నం సహించేది కాదు.

1957 వానాకాలంలో నూతి గట్టున కాలు జారి కుడి భుజం మీద పడింది. ఊళ్లో కట్టు కట్టించుకుంది. నాలుగు నెలలైనా చెయ్యి లేవలేదు. తమ్ముడు సూర్యారావు రైలెక్కించి విశాఖపట్నం తీసుకెళ్లాడు.

అక్కడి డాక్టరు ఎక్సరేను కిటికీ వెలుగుకు పట్టి చూపించాడు. చేతి ఎముక పైన ఉండే గుండ్రటి తల ముక్కలై, నెత్తురందక చచ్చిపోయిందన్నాడు. దాని బదులు లోహపు తల పెట్టవచ్చన్నాడు. ఆపరేషను కొత్తదనీ, తానింతవరకు ఇద్దరికే చేశాననీ దాచలేదు.

సూర్యారావు ఇంటికి పోదాం పదమన్నాడు. రత్నాలమ్మ మాత్రం ఆ తల చూపించమంది. నున్నటి అరగుండు, కింద పొడుగాటి కాడ. ఎడమచేత్తో తిప్పితిప్పి చూసింది.

"గుండు మారిత్తే, అది కూకునే గిన్ని సంగతేటి బాబూ?"

"గిన్నె బాగానే ఉందమ్మా, దాని జోలికి పోను. సగమే మార్పు."

"మరి జారిపోకుండా ఏటి పట్టుకుంటాది?"

"కాడ ఎముకలో దిగుతుంది. గుండును పట్టి ఉంచేవి మీ కండలే. అవి నిద్రపోతున్నాయి, ముందు లేపాలి."

అందుకు మూడు వారాల గడువిచ్చాడు. నడుం వంచి, చెయ్యి వేలాడదీసి, ముగ్గు వేస్తున్నట్టు గాలిలో సున్నాలు చుట్టమన్నాడు. చీము పట్టిన దవడపన్ను తీయించమన్నాడు. ఆ చీము నెత్తుర్లో కలిసి లోహం దాకా పోతుందట. చుట్ట మానమన్నాడు. అన్నిటికంటే అదే కష్టమైంది.

"ఒంట్లో లోహం ఎట్టుకుని ఎలా తిరుగుతావప్పా?" అన్నాడు సూర్యారావు.

"సచ్చిన ఎముకెట్టుకుని తిరగడం లేదేటి?" అందావిడ.

ఆపరేషను జరిగింది. చెయ్యి భుజమెత్తు దాకా లేవడానికి ఆరునెలలు పట్టింది. అంతకుమించి లేవదని డాక్టరు ముందే చెప్పాడు. ఎత్తు మీదున్న డబ్బాలు కోడలే అందించేది. నొప్పి మాత్రం పోయింది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చి భుజం తడిమి చూసేవాళ్లకు, గిన్నె తనదేననీ గుండే కొత్తదనీ ఓపిగ్గా చెప్పేది.

ఆపరేషనయ్యాక తెలివి రాగానే, తీసేసిన ఎముకముక్కలు చూపించమని డాక్టరును అడిగింది. అప్పటికే పారేశారట. ఆ లోటు మాత్రం ఆవిడకు తీరనేలేదు.