అత్తరు బోర్డు మీది చిటికెన వేలు

ఈ రోజు మెదక్ బజారులో అత్తరు దుకాణం ముందు ఆగిపోయాను. నలభై ఏళ్ల కింద నేను బొమ్మ వేసిన రేకు బోర్డు దించి ఫ్లెక్సీ కడుతున్నారు.

అప్పటి సేటు ఆడమనిషి మొహం వద్దన్నాడు. అందుకని సీసా పట్టుకున్న చెయ్యి ఒక్కటే వేశాను. అక్షరాలు వేరేవాళ్లు రాశారు, నాకు అంత చదువు లేదు. నా భార్య ఖాళీ నూనె సీసా పట్టుకుని మూడు రోజులు నా ముందు కూర్చుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు దుకాణం సేటు మనవడిది. బోర్డు నాకిమ్మన్నాను.

"తీస్కపోండ్రి తాతా. గని చిటికెన వేలు గట్ల వంకర గీసిండ్రేంది? పెయింటర్ సాబ్ గీడనే తప్పిండని మా దాదా మస్తు నవ్వేటోడు."

"నేను తప్పలే. ఆ వేలే గట్లుండె. చిన్నప్పుడు తలుపు సందుల పడి వంగింది."

"ఎవరిది?"

"మా ఇంటామెది. పోయి ఆరేండ్లాయె."

అతను అత్తరు తీసి నా చేతి మీద రాశాడు. తర్వాత బోర్డు మీది చేతికి కూడా రాశాడు.

ఇంట్లో ఆమెది పెళ్లి ఫోటో ఒక్కటే ఉంది. అందులో చేతులు కొంగు కింద ఉన్నాయి. ఇప్పుడు బోర్డు నా మంచం పక్కన ఉంది, గదంతా వాసన.

నా రాతలో తప్పులుంటాయి, ఒప్పుకుంటాను. బొమ్మ ఫోటో పెట్టాను. చూసి చెప్పండి, ఆ వేలు తప్పులా ఉందా?