ఆ బొట్టు తప్పేమీ లేదు

తొర్రూరులో ఎరువుల దుకాణం నడిపిన ఒక మనిషి కారు ప్రమాదంలో చనిపోయాడు. అతని భార్య కారు అద్దానికి పెట్టిన కుంకుమ బొట్టు వల్లే అలా జరిగిందని ఆ వాడలో ఇప్పటికీ అనుకుంటారు. ఆ మాట పుట్టింది నేను కంపెనీకి రాసిన రిపోర్టు నుంచి. అది అబద్ధం.

అప్పట్లో నేను ఆ కంపెనీలో పనిచేసేవాణ్ని. ముందు ఏదైనా అడ్డం వస్తే మోగి హెచ్చరించే పరికరాన్ని మామూలు మనుషుల కార్లలో బిగించి, మూడు నెలలు అదెలా పనిచేస్తుందో చూడడం మా పని. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు కార్లన్నీ నేనే చూసుకునేవాణ్ని. అద్దానికి లోపలి వైపు చిన్న కెమెరా, దాని కింద ఎర్ర లైటు, అంతే పరికరం.

ఆ దుకాణం మనిషి కారుకు బిగించిన రోజు అతని భార్య పళ్లెంలో పసుపు కుంకుమ తెచ్చింది. కొత్త వస్తువు కదా. వేలు కెమెరా మీదికే పోతుంటే ఆపాను.

"అక్కడొద్దు చెల్లె, అది దాని కన్ను."

"సరే అన్నా, కన్నుకొద్దు, నొసటికి పెడ్త," అని నవ్వి, కెమెరాకు నాలుగు వేళ్ల దూరంలో పక్కకు పెట్టింది. నా కళ్లతో చూశాను.

రెండు వారాలకు అతను ఫోన్ చేశాడు. వరి కోతల కాలం. పాలకుర్తి రోడ్డు పొడవునా సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేర్చారు. పరికరం ప్రతి కుప్పకూ మోగుతోంది.

"గిదేందన్నా, వడ్లకుప్ప కనవడితే సాలు మొత్తుకుంటది. ఇంట్ల మొత్తుకునేటోళ్లు ఒకరు ఉండనే ఉన్నరు."

వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది. "నేను మొత్తుకుంటెనే ఇనవు, అది మొత్తుకుంటే ఇంటవా?"

"జర వచ్చి తీస్కపో అన్నా," అన్నాడు.

వద్దన్నవాళ్ల దగ్గర్నుంచి పరికరం తీసుకురావడమే పద్ధతి. శబ్దం మాత్రం మార్చకూడదు. కానీ ఆ నెలలో అప్పటికే ముగ్గురు తీయించుకున్నారు. ఇంకొకటి పోతే పైవాళ్లు ఊరుకోరని భయపడ్డాను. పోయి శబ్దం పూర్తిగా తీసేశాను, ఎర్ర లైటు చూసుకుంటే చాలన్నాను. "గిప్పుడు మంచిగుంది," అని అతను చాయ్ తాగించాడు.

పది రోజుల తర్వాత, పొద్దుగూకే వేళ, వడ్లు ఎత్తడానికి రోడ్డు మీద ఆపిన ట్రాక్టరు ట్రాలీని అతని కారు వెనక నుంచి గుద్దింది. దవాఖానలో రెండు రోజులు ఉండి చనిపోయాడు.

పరికరంలోని మెమరీ కార్డు తీసి చూసింది నేనొక్కణ్నే. కెమెరాకు ట్రాలీ స్పష్టంగా కనిపించింది. పరికరం హెచ్చరించింది కూడా, శబ్దం లేకుండా. మోత వినబడి ఉంటే బతికేవాడని నేను చెప్పలేను. వినబడకుండా చేసింది నేనేనని చెప్పగలను. కార్డు పాడైందనీ, కుంకుమ కెమెరాకు అడ్డం పడిందనీ రాసి పంపాను. ఎవరూ మళ్లీ అడగలేదు.

పన్నెండో రోజు వాళ్లింటికి వెళ్లాను. ఆమె, పక్కనే ఆమె అత్త కూర్చుని ఉన్నారు.

"అన్నా, మీ ఆఫీసోళ్లు ఫోన్ల చెప్పిండ్రు. నేను పెట్టిన బొట్టేనా?"

కాదు అన్న ఒక్క మాట సరిపోయేది. "పోనీ చెల్లె, తెల్సి చేసినవా," అన్నాను. దాన్నే ఓదార్పు అనుకున్నాను. ముసలామె కోడలి వైపు ఒకసారి చూసి ముఖం తిప్పుకుంది.

మూడేళ్ల తర్వాత, ఉద్యోగం మానేశాక, వెళ్లి నిజం చెప్పాను. దుకాణం ఇప్పుడు ఆమే చూసుకుంటోంది. చివరిదాకా విన్నది. తిట్టలేదు.

"మా అత్త నా చేతి నీళ్లు ముట్టలేదన్నా. మంచంల పడ్డంక గూడ ఆడిబిడ్డనే వచ్చి తాగిచ్చింది. నిరుడు పోయింది. గామెకు ఎవలు చెప్తరు?"

ఆమే మళ్లీ అన్నది.

"ఆడిబిడ్డ మహబూబాబాద్‌ల ఉంటది. పోయి ఆమెకన్న చెప్పు. నేను చెప్తే నమ్మది."

ఆ మధ్యాహ్నమే బస్సెక్కాను. ఆడబిడ్డ గుమ్మంలో నిలబడే విన్నది.

"వదినెను అందరం మాటలన్నం. నోటి మాట ఎవలింటరు, కాయిదం మీద రాసియ్యి," అన్నది.

రాసిచ్చాను. పేర్లు తీసేసి, చివర ఈ నాలుగు మాటలు కలిపిన నకలు ఇది. ఆ కాగితం పట్టుకుని ఆడబిడ్డ తన వదిన దగ్గరికి పోయిందో లేదో నాకు తెలియదు.