పొయ్యి ముట్టని సంగటి

మొగుడు మునిరామయ్యకు నూనె తగ్గించమని గుండె డాక్టరు చెప్తే, వరదమ్మ ఏకంగా పొయ్యినే ఆర్పేసింది. మొలకెత్తిన రాగుల్ని పచ్చికొబ్బరితో రుబ్బి, చెయ్యి తడుపుకుంటూ సంగటిముద్ద మాదిరే గుండ్రంగా చేసి, బొటనవేలితో గుంత పెట్టి పచ్చిపులుసు పోస్తుంది. సంగటిని నమలకుండా మింగే మనిషికి దీన్ని నమలాల్సి రావడమే పెద్ద అవమానం. ఆ పొద్దు మునిరామయ్య ముందున్న తిండి తట్టను విసురుగా నెట్టేసినాడు.

"సావు జరిగిన ఇంట్లోనే గదమే పొయ్యి ముట్టియ్యరు! ఈడ ఎవురు సచ్చినారని?"

వీధంతా వినింది. వరదమ్మ కొంగు దోపుకుని, చెదిరిన ముద్దను మళ్ళీ గుండ్రంగా చేసి, గుంత పెట్టి, పులుసు పోసి, తట్టను ఆయన ముందుకే తోసింది.

"నువ్వు పోయిన పొద్దు ఎట్లాగూ ముట్టియ్యను మామా. ఆ పొద్దు రాకూడదనే ఇప్పుడు ఆర్పినాను. తిను."