పెరటి ఇసుకతో ఒక వాన

నేలల గట్టిదనం పరీక్షించే మా ప్రయోగశాలలో వాన కురిపించేవాడు ఓరియానో. నీటి వాన కాదు, ఇసుక వాన. అడుగున సన్నటి చిల్లులున్న పొడవాటి తొట్టి పట్టాల మీద అటూ ఇటూ కదులుతుంటే, కింద గాజు పెట్టెలోకి ఇసుక తెరలు తెరలుగా రాలేది. ఆ గుసగుస వింటూ మేమంతా పని మరిచి నిలబడేవాళ్ళం. ఎవరూ తలుపు కూడా గట్టిగా వేసేవారు కాదు. కాస్త అదిరినా ఇసుక సర్దుకుపోతుంది, మళ్ళీ మొదటి నుంచి పోయాలి. తొట్టిని పైకెత్తి పోస్తే నేల గట్టిగా కుదురుతుంది, కిందికి దించి పోస్తే గుల్లగా ఉంటుంది. ఇలా కోరిన నేలను పుట్టించే మనిషికి, పాపం, సొంతింటి నేల మీద భార్యను పడుకోబెట్టడం చేతకాలేదు.

మే నెల భూకంపానికి ఇటలీలో ఫెర్రారా నగరం దాపున ఉన్న వాళ్ళ ఊరు ఊగిపోయింది. వాళ్ళింటికి బీట కూడా పడలేదు గానీ, పెరట్లో నేల నోరు తెరిచి బూడిదరంగు ఇసుక కక్కింది. అది కళ్ళారా చూసిన అతని భార్య నీవెస్ ఆ రోజే పొలం గట్టున, చక్రాల మీది పాత కారవాన్‌లోకి మారిపోయింది. "ఇల్లు నిలబడింది, ఇల్లాలే కూలింది" అని బేకరీలో జనం నవ్వుకున్నారు. ఓరియానో కూడా నవ్వాడు. ఆగస్టు వచ్చేసరికి అతని నవ్వు ఆగిపోయింది. ఒంటరిగా తినడం అతనికి అలవాటు లేదు.

"ఒక్కసారి ప్రయోగశాలకి రా. మన నేల ఎంత గట్టిదో చూపిస్తా. చూశాక ఇంటికొచ్చెయ్యాలి, మాట తప్పకూడదు," అన్నాడు.

"వస్తాలే. ఇసుక మాత్రం మన పెరటిదే పొయ్యాలి," అంది నీవెస్.

ఆమె వచ్చి గాజు పెట్టె ముందు కుర్చీ వేసుకుంది. ఓరియానో పెరటి ఇసుక నింపిన తొట్టిని పైకెత్తాడు, బాగా పైకి. ఏం చేయబోతున్నాడో నాకు అర్థమైంది. అంత ఎత్తు నుంచి పోస్తే ఏ ఇల్లయినా నిలుస్తుంది. ఆమెకు ఆ తేడా ఎక్కడ తెలుస్తుంది? అతని దిగులు ఎరిగినవాణ్ణి, నేనూ నోరు మెదపలేదు.

తొట్టి పిడి మీద చెయ్యి ఉంచి ఆమె వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తొట్టిని మెల్లగా దించేశాడు, ఇంచుమించు పెట్టె అడుగు దాకా. వాళ్ళ పెరట్లో ఒకప్పుడు పారిన ఏటి పాయ ఇసుకను ఎంత గుల్లగా వదిలివెళ్ళిందో, అంత గుల్లగా పడేలా.

వాన మొదలైంది. కిటికీ ఎండలో ఇసుక పొగలా దిగుతుంటే నీవెస్ నోరు తెరుచుకుని చూసింది. ఆ మధ్యాహ్నం గడియారం కూడా కునుకు తీసిందేమో అనిపించింది నాకు. పెట్టె నిండాక అడుగు నుంచి నెమ్మదిగా నీళ్ళు ఎక్కించి, పైన సీసంతో చేసిన చిన్న ఇల్లు పెట్టి, కింది బల్లను ఊపాం.

ఇసుక పాయసంలా జారింది. నీళ్ళు పైకి ఉబికాయి. ఇల్లు ఒక పక్కకి ఒరిగి, కిటికీల దాకా దిగబడింది.

నీవెస్ కళ్ళు తుడుచుకుంది. "అయితే నాకు పిచ్చి లేదన్నమాట."

"లేదు. నాకే బుద్ధి లేదు. వాళ్ళతో కలిసి నేనూ నవ్వాను."

"నవ్వావు. నేను చేసిన వంట తింటూ మరీ నవ్వావు."

ఓరియానో తల దించుకున్నాడు. "ఇప్పుడేం చెయ్యమంటావ్?"

"కారవాన్‌లో మంచం ఇరుకు," అంది నీవెస్. "గోడ వైపు నాది."